తప్పెటగుళ్ళతో బేస్, డ్రమ్స్ కలిపి రికార్డ్ చేద్దామనుకుంటున్నాం, ముందు ఏం వినాలి?

మద్దిలపాలెం_బేస్

అందరికీ నమస్తే. వైజాగ్‌లో మేం ముగ్గురం కలిసి వాయిస్తుంటాం, ఒకడు గిటార్, ఒకడు డ్రమ్స్, నేను బేస్. కాలేజీ ఫెస్టుల్లో, బీచ్ రోడ్డు వైపు కేఫుల్లో చాన్నాళ్ళుగా వేరేవాళ్ళ పాటలే వాయిస్తూ వచ్చాం, సొంతంగా ఏదైనా చెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది. ఈమధ్య భీమిలి దాటాక ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళ బృందం పరిచయం అయింది. పెద్దాయన పాట అందుకుంటారు, మిగతావాళ్ళు వంత పాడుతూ గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెట్లని రెండు చేతుల్తో వాయిస్తూ కాళ్ళ గజ్జెలతో గుండ్రంగా తిరుగుతుంటారు, దగ్గర నుంచుంటే ఆ దెబ్బ మన ఛాతీలోనే పడుతున్నట్టు ఉంటుంది, తర్వాత ఫోన్‌లో తీసిన వీడియో పెట్టుకుని చూస్తే అందులో ఆ ఊపు అస్సలు కనపడదు. మీతో కలిసి కొన్ని పాటలు రికార్డ్ చేస్తాం అని అడిగాం. "మా పాట సెడకుండా ఉంటే సేద్దాం బాబూ" అన్నారు పెద్దాయన.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను నేను. ఎందుకంటే ఇప్పుడు ఫ్యూజన్ పేరుతో వస్తున్నవాటిలో చాలావరకు నాకు నచ్చట్లేదు. ఒక జానపదం గొంతు తీసుకోడం, దాన్ని ముక్కలు కోసి కింద ఒక కిక్ డ్రమ్ లూపు వేసేయడం, మధ్యలో ఒక గిటార్ సోలో, అయిపోయింది. లేదంటే ఒక కీర్తన తీసుకుని దాని కింద మొదట్నుంచి చివరిదాకా అవే పవర్ కార్డ్స్. పాడేవాళ్ళు వాయించేవాళ్ళని వినట్లేదు, వాయించేవాళ్ళు పాడేవాళ్ళని వినట్లేదు. మాది అలా అవ్వకూడదు.

అందుకని అడుగుతున్నా, ఏ దేశానిదైనా సరే, సంప్రదాయ సంగీతం, జాజ్, రాక్ నిజంగా ఒకదాన్నొకటి వింటూ నడిచిన రికార్డింగులు చెప్పండి, కొత్తవైతే ఇంకా మంచిది. జాజ్ గిటార్‌నీ మన రాగాల్నీ కలిపిన శక్తి బ్యాండ్ కొంచెం విన్నాను. ఇంకో సమస్య కూడా ఉంది, బృందం వాళ్ళు పాట మొదలుపెట్టిన వేగానికీ ముగించే వేగానికీ పొంతనే ఉండదు, పెరుగుతూనే పోతుంది. మా డ్రమ్మర్‌కేమో చెవిలో క్లిక్, అంటే ఒకే వేగంలో టిక్ టిక్‌మని మోగే లెక్క, లేకపోతే కుదరదు. ఏం చెయ్యాలి మరి?

శ్రుతిపెట్టె_సిరిపురం

మంచి పని పెట్టుకున్నారు తమ్ముడూ. నాకు తెలిసినవి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

శక్తి కొంచెం విన్నానన్నారు, ఏది విన్నారో చెప్పలేదు. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కాలేజీలో కచేరీ జరుగుతుండగా రికార్డ్ చేసిన మొదటి ఆల్బమ్ ఒకటి, 2023లో వచ్చిన 'దిస్ మూమెంట్' ఒకటి, ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటి దాంట్లో జాన్ మెక్‌లాఫ్లిన్ అకూస్టిక్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రాఘవన్ మృదంగం, అంతే, డ్రమ్ కిట్ లేదు, బేస్ కూడా లేదు. రెండోదాంట్లో శంకర్ మహదేవన్ గొంతు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, వినాయక్‌రామ్ గారి అబ్బాయి సెల్వగణేశ్. దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో జాకిర్ గారు వెళ్ళిపోయారు. అందుకే ఆ ఆల్బమ్ ఇప్పుడు పెట్టుకుంటే నేను మధ్యలో ఆపలేను.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సింది ఏంటంటే, మెక్‌లాఫ్లిన్ అప్పటికే మహావిష్ణు ఆర్కెస్ట్రాతో జాజ్ రాక్‌లో పెద్ద పేరున్నవాడు, అయినా అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర కూర్చుని వీణ నేర్చుకున్నాడు. తర్వాత ఏం చేశాడంటే గిటార్ ఫ్రెట్ల మధ్య చెక్కని లోపలికి చెక్కించుకున్నాడు, అలా అయితే తీగని లాగి గమకం, అంటే స్వరంలో ఊపు, పలికించొచ్చు అని. కింద అడ్డంగా అనునాదం ఇచ్చే తీగలు కూడా పెట్టించుకున్నాడు. రాగాన్ని తన గిటార్‌కి తగ్గట్టు కుదించలేదు, గిటార్‌నే రాగం దగ్గరికి తెచ్చాడు.

మనవాళ్ళలో మాండొలిన్ శ్రీనివాస్ గారు, పాలకొల్లు. కర్ణాటక సంగీతంలో లేని వాద్యాన్ని, అదీ ఎలక్ట్రిక్‌ది, అయిదు తీగలకి మార్చుకుని అందులో కృతులు వాయించారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేటప్పటికి ఆయన ఇంకా పిల్లాడే. తర్వాత శక్తి మళ్ళీ కట్టిన బ్యాండ్ రిమెంబర్ శక్తిలో మెక్‌లాఫ్లిన్ పక్కన ఏళ్ళ తరబడి వాయించారు. 1995లో గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' అని ఒక ఆల్బమ్ ఉంది, మన ఊళ్ళో ఎంతమంది విన్నారో గానీ అందరూ వినాల్సింది. 2014లో 45 ఏళ్ళకే పోయారు, ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు కొత్తవి. నైజర్ దేశం నుంచి ఎండూ మొక్టార్ అని గిటారిస్ట్, ఎడంచేత్తో వాయిస్తాడు, సహారా ఎడారి తువారెగ్ జాతి సంగీతం. 2024లో 'ఫ్యూనరల్ ఫర్ జస్టిస్' అని మంచి ఊపున్న రాక్ ఆల్బమ్ ఇచ్చాడు. 2023లో వాళ్ళు అమెరికా టూర్‌లో ఉండగా నైజర్‌లో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది, వెంటనే ఇంటికి వెళ్ళే దారి లేకపోయింది, అప్పుడు అవే పాటల్ని అందరూ కలిసి కూర్చుని అకూస్టిక్‌గా రికార్డ్ చేశారు, అది 2025లో 'టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్'గా వచ్చింది. మీకు దీన్ని మించిన పాఠం లేదు. పాటలు అవే, ఒకసారి పూర్తి రాక్, ఒకసారి డ్రమ్ కిట్ లేకుండా చేతి వాద్యాలతో. కిట్ తీసేస్తే పాటలో ఏం మిగులుతుందో, పెడితే ఏం పోతుందో రెండూ వినపడతాయి.

ఆ ఎడారి గిటార్ మన చెవికి మొదటిసారే దగ్గరగా అనిపిస్తుంది చూడండి, దానికి కారణం ఉంది. గిటార్ నేర్చుకునేవాడు మొట్టమొదట పట్టే మైనర్ పెంటటానిక్ స్వరాలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే, స గ మ ప ని. బ్లూస్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది, సహారా గిటార్ కూడా చాలావరకు అయిదు స్వరాల మీదే నడుస్తుంది. అలాగే జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి ట్రాక్ డోరియన్ స్కేల్‌లో ఉంటుంది, స్వరాలు చూస్తే మన ఖరహరప్రియ. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం అయిపోదు, ఏ స్వరాన్ని ఎలా ఊపాలి, ఎక్కడ ఆగాలి అనేదే రాగం, అయినా కలిసి కూర్చోడానికి ఒక అరుగు దొరికినట్టు. మీ పెద్దాయన పాట ఏ స్వరాల్లో ఉందో ముందు పట్టుకోండి, అయిదో ఆరో స్వరాలే ఉంటే మీ గిటార్ కుర్రాడు కార్డ్స్ వెతకడం మానేసి ఆ స్వరాల్లోనే తిరగమనండి. మీరు బేస్ కాబట్టి సగం పాట వరకూ స, ప తప్ప ఏమీ ముట్టుకోకండి.

ఇంకొకటి, అరూజ్ ఆఫ్తాబ్. లాహోర్‌లో పెరిగి న్యూయార్క్‌లో ఉంటున్న గాయని. 2023లో విజయ్ అయ్యర్ పియానో, షహజాద్ ఇస్మైలీ బేస్, సింథ్‌తో 'లవ్ ఇన్ ఎక్సైల్' చేసింది. ఉర్దూ పాట, దాని కింద జాజ్ పియానో, కానీ ఎవరూ తొందరపడరు. ఒక బేసిస్ట్‌గా ఇస్మైలీ ఎంత తక్కువ వాయిస్తాడో వినండి, చాలు.

కంచరపాలెం_మిక్స్

నేను రికార్డింగ్ పని చేస్తాను గురూ, అందుకని నేను ఆ వైపు నుంచి చెప్తాను.

ముందు క్లిక్ సంగతి. క్లిక్ వద్దు. ఆ వేగం పెరగడమే ఆ పాట. మొదట పెద్దాయన కథ చెప్పేటప్పుడు నెమ్మదిగా ఉంటుంది, వంత అందుకునేకొద్దీ కాళ్ళు వేగం అవుతాయి, చివరికి గజ్జెలు ఏకధారగా మోగుతాయి. దాన్ని కంప్యూటర్ గీతకి సర్దేశావనుకో, ఆ పాటకి ఉన్న మెట్లన్నీ చదును చేసినట్టే. మీ డ్రమ్మర్ క్లిక్ తీసేసి పెద్దాయన కాళ్ళు చూస్తూ వాయించాలి, అంతకన్నా మార్గం లేదు. కష్టమే, కానీ నెల రోజులు వాళ్ళ రిహార్సల్స్‌కి వెళ్ళి ఒట్టి చేత్తో తొడ మీద వేసుకుంటూ కూర్చుంటే వచ్చేస్తుంది.

రెండోది, అందరూ ఒకే చోట, ఒకేసారి. వాళ్ళని ఒక రోజు తీసుకొచ్చి గదిలో పెట్టి విడిగా రికార్డ్ చేసి, మీరు తర్వాత పైన వాయించడం, ఈ పద్ధతి పెట్టుకోకండి. 1993లో వచ్చిన 'ఎ మీటింగ్ బై ద రివర్' విన్నారా? రై కూడర్ స్లయిడ్ గిటార్, విశ్వమోహన్ భట్ మోహన వీణ. అమెరికాలో ఒక చర్చిలో రికార్డ్ చేశారు, ఇద్దరూ అంతకు అరగంట ముందే మొదటిసారి కలుసుకున్నారట. ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి వినపడేంత దగ్గరగా కూర్చున్న సౌండ్ అది. దానికి గ్రామీ కూడా వచ్చింది.

వైజాగ్‌లో మామూలు స్టూడియోలు చిన్నవి, డబ్బింగ్‌కీ పాటకీ సరిపోతాయి గానీ అంతమంది గుండ్రంగా తిరగాలంటే చాలవు. ఏదైనా కళ్యాణ మండపమో స్కూల్ హాలో మాట్లాడుకోండి, పైకప్పు ఎత్తుగా ఉండాలి, రేకుల షెడ్ అయితే వద్దు. రేకు తప్పెట దెబ్బ చాలా పదునుగా ఉంటుంది, మైక్ దగ్గర పెడితే చెవి కోస్తుంది. మనిషికో మైక్ పెట్టాలన్న ఆలోచన వదిలెయ్యండి. గుండ్రం మధ్యలో తల కన్నా ఎత్తులో ఒక జత మైకులు, పెద్దాయన పాటకి ఒకటి విడిగా, గజ్జెల కోసం నేల దగ్గర ఒకటి. తిరుగుతుంటే సౌండ్ కూడా కుడి నుంచి ఎడమకి తిరుగుతుంది, దాన్ని అలాగే ఉంచండి, హెడ్‌ఫోన్‌లో అదే మజా.

మూడోది మీ కిట్. గజ్జెలు ఉన్నచోట హై హ్యాట్, అదే కాలితో తొక్కే జంట తాళాలు, అనవసరం, రెండూ ఒకే పై ఫ్రీక్వెన్సీల్లో కొట్టుకుంటాయి. తీసి పక్కన పెట్టించండి. సింబల్స్ కూడా తగ్గించాలి. స్నేర్ తీగలు వదులు చేసేస్తే తప్పెటతో పోటీ పడదు. కిక్, ఫ్లోర్ టామ్, అంతవరకే చాలు, వాళ్ళ దగ్గర లేనిది ఆ కింద బరువే కాబట్టి మీరిచ్చేది అదే అవ్వాలి. పెద్దాయన శ్రుతి ఏ రోజు ఎక్కడుంటే మీ గిటార్, బేస్ అక్కడికి శ్రుతి చేసుకోండి, ట్యూనర్‌లో నంబర్ ఎంతున్నా సరే. మిక్సింగ్‌లో ఆటోట్యూన్ అనే మాట ఎవరైనా అంటే బయటికి పంపెయ్యండి.

విజీనగరం_వయొలిన్

బాబూ, నేను పెద్దవాణ్ణి, విజయనగరం మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకున్నాను, మీరంతా చెప్పింది చదివాను. నాకు ఈ కలపడం మీద అంత నమ్మకం లేదు, ఎందుకో చెప్తాను, కోపగించుకోకండి.

వయొలిన్ మన వాద్యం కాదు, ఐరోపా నుంచి వచ్చింది. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి మనవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. పట్టుకుని ఏం చేశారు? నుంచుని గెడ్డం కింద పెట్టుకునేదాన్ని నేల మీద కూర్చుని పాదం మీద ఆనించారు, తీగల శ్రుతి మార్చి స ప స ప చేశారు, ఎందుకంటే అలా ఆనిస్తేనే ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారుతుంది, గమకం వస్తుంది. విజయనగరంలో 1919లో కాలేజీ పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పడానికి వచ్చారు. పాటకి పక్కవాద్యంగా ఉన్నదాన్ని సోలో కచేరీ స్థాయికి తీసుకెళ్ళింది ఆయనే. ఇదంతా జరగడానికి వందేళ్ళు పట్టింది. ఆ వందేళ్ళూ ఎవరూ దాన్ని ఫ్యూజన్ అనలేదు, కవర్ మీద అచ్చు వెయ్యలేదు. మీరు ఒక్క ఎండాకాలంలో చేస్తామంటున్నారు.

ఇంకో మాట. తప్పెటగుళ్ళని ఇప్పటిదాకా ఏమీ కలపకుండా శుభ్రంగా రికార్డ్ చేసినవి ఎన్ని ఉన్నాయి? పైడితల్లి సిరిమాను సంబరాల్లో ఫోన్లతో తీసినవి తప్ప? జముకుల కథ సంగతీ అంతే. ముందు అది ఉండాలి. ఏమీ కలపనిది ప్రజల చేతిలో లేకుండా కలిపినది మాత్రమే మిగిలితే, రేపు పిల్లలు అదే అసలుది అనుకుంటారు.

మద్దిలపాలెం_బేస్

మాస్టారూ, కోపం ఎందుకండీ, మీరు చెప్పిన రెండో మాట మాకు తట్టనే లేదు. మొదటి రోజు మొత్తం వాళ్ళది వాళ్ళే, మేం ఏమీ ముట్టుకోకుండా రికార్డ్ చేద్దాం, అదీ విడిగా బయటపెడదాం, ఈ మాట రాత్రే మావాళ్ళతో అన్నాను, ఒప్పుకున్నారు. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ.

కానీ మొదటి మాటకి మాత్రం నేను ఒప్పుకోలేకపోతున్నానండి. వయొలిన్ గురించి మీరు చెప్పిందీ, పైన అక్క మెక్‌లాఫ్లిన్ గిటార్ గురించి చెప్పిందీ నాకు ఒకటే అనిపిస్తోంది. ఇద్దరూ పాటని మార్చలేదు, చేతిలో ఉన్న వాద్యాన్ని మార్చుకున్నారు. వందేళ్ళు ఎందుకు పట్టిందంటే దారి లేదు కాబట్టి, మాకు దారి మీరే వేసి పెట్టారు. మేం చెయ్యాల్సింది కూడా అదే కదా, హై హ్యాట్ తీసెయ్యడం, కార్డ్స్ మానెయ్యడం, పెద్దాయన శ్రుతికి దిగడం.

అరకు_పొద్దు

మాది అరకు వైపు, చదువు ఉద్యోగం వైజాగ్‌లో. రికార్డింగ్ గురించి అందరూ చెప్పారు, డబ్బు, పేరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఇది చిన్న విషయం కాదు.

1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచ్ గ్రూపు ఒక ట్రాక్ చేసింది, ప్రపంచమంతా హిట్. అందులో వినపడే ఆడగొంతు సోలమన్ దీవుల్లో ఒకావిడది, పేరు అఫునాక్వా, పాడింది జోలపాట. హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు 1970 ప్రాంతంలో అక్కడికెళ్ళి రికార్డ్ చేసుకున్నది. ఆ గొంతు లేకపోతే ఆ ట్రాకే లేదు, కానీ ఆవిడ పేరు దాని మీద రాలేదు. జెంప్ తర్వాత దాని మీద గట్టిగా అభ్యంతరం చెప్పాడు, అయినా అప్పటికే ప్రకటనల్లో కూడా వాడేశారు. నేను ఇది చదివినప్పట్నుంచి మా గిరిజనుల దింసా పాట ఏ రీల్స్‌లో వినపడినా మొదట కింద పేర్లు చూస్తాను. ఎవరి పేరూ ఉండదు. ట్రైబల్ బీట్ అని ఉంటుంది. మోరి ఊదినాయన ఎవరు, తుడుం కొట్టినాయన ఎవరు, ఏ ఊరు? ఆళ్ళకి పేర్లున్నాయి కదా!

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1986లో పాల్ సైమన్ 'గ్రేస్‌లాండ్' చేసినప్పుడు దక్షిణాఫ్రికా వాద్యకారులకి అమెరికా యూనియన్ రేటుకి మూడింతలు ఇచ్చాడు, కొన్ని పాటల మీద వాళ్ళ పేర్లు రచయితలుగా వేశాడు. వర్ణవివక్ష మీద సాంస్కృతిక బహిష్కరణ నడుస్తుండగా అక్కడికి వెళ్ళాడని అతని మీద విమర్శలు బాగా వచ్చాయి, అవి న్యాయమైనవే, కానీ డబ్బు దగ్గర అతను చేసింది చూడండి.

మీరు చెయ్యాల్సింది, పెద్దాయనా బృందంలో అందరి పేర్లూ, ఊరి పేరుతో సహా, ప్రతి పాట మీదా రావాలి, మీ పేర్ల కన్నా ముందు. రికార్డింగ్ రోజు కూలీ పోయిన దానికి ఆ రోజే డబ్బులు చేతిలో పెట్టాలి. తర్వాత యూట్యూబ్ నుంచి స్ట్రీమింగ్ నుంచి ఏం వచ్చినా సగం వాళ్ళది అని ముందే తెలుగులో కాయితం రాసి చదివి వినిపించాలి, ఇంగ్లీషులో వద్దు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ కూడా వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీ హక్కు ఉంది, దయ కాదు అది. పాట బృందానిదేనని, మీరు చేసింది వాద్య సహకారం అని స్పష్టంగా రాయండి. రేపు ఏ సినిమావాళ్ళో వచ్చి అడిగితే మీరు ఒక్కళ్ళే సంతకం పెట్టే అవకాశం ఉండకూడదు.

కంచరపాలెం_మిక్స్

అరకు_పొద్దు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఫైల్స్ సంగతి కూడా కలపండి, మొదటి రోజు రికార్డింగ్ మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లో బృందానికి ఇచ్చెయ్యండి. వాళ్ళ పాట వాళ్ళ దగ్గర లేకుండా మన హార్డ్ డిస్క్‌లో ఉండిపోడం నేను చూశాను, చాలా బాధనిపిస్తుంది.

మద్దిలపాలెం_బేస్

రాసుకున్నానండీ అన్నీ. కాయితం తెలుగులోనే రాద్దాం, ముందు ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.

ఒక్కటే మిగిలింది. డ్రమ్మర్ ఈ చర్చ చదివి క్లిక్ మానెయ్యడానికి ఒప్పుకున్నాడు, కానీ వాడికి పాట నడక దొరకట్లేదు. వాడు నాలుగులో లెక్కపెడుతున్నాడు, బృందం మూడులో వెళ్తున్నట్టు ఉంటుంది, కాసేపటికి వాడు కరెక్టే అనిపిస్తుంది, మళ్ళీ కాదనిపిస్తుంది. వాడు ఏం వినాలి?

శ్రుతిపెట్టె_సిరిపురం

వాడు విన్నది రెండూ నిజమే అయ్యుండొచ్చు. మన జానపదాల్లో తిశ్రం నడక, అంటే మూడేసి దెబ్బల నడక, చాలా ఎక్కువ, తకిట తకిట తకిట తకిట అని నాలుగు తకిటలు ఒక ఆవర్తం, అంటే లయలో ఒక చుట్టు, అనుకోండి, కాళ్ళు నాలుగు అడుగులు వేస్తాయి, చేతులు పన్నెండు కొడతాయి. అడుగు లెక్కపెట్టేవాడికి నాలుగు, చేతులు వినేవాడికి మూడు. రాక్ డ్రమ్మర్లు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద స్నేర్ బలంగా వేస్తారు కదా, అక్కడే చెడుతుంది, ఆ బరువు పడగానే పన్నెండు కాస్తా ఎనిమిది అయిపోతుంది.

టోనీ అలెన్‌ని వినమనండి. నైజీరియా, ఫెలా కుటీ బ్యాండ్‌లో డ్రమ్స్, ఆఫ్రోబీట్ లయ కట్టింది ఆయనే. ఆర్ట్ బ్లేకీ, మాక్స్ రోచ్ లాంటి జాజ్ డ్రమ్మర్ల రికార్డులు విని వాళ్ళ పద్ధతినీ తన ఊరి లయల్నీ కలిపాడు. నాలుగు కాళ్ళూ చేతులూ నాలుగు వేరే మాటలు చెప్తుంటాయి, ఒక్కటీ గట్టిగా అరవదు. దక్షిణాఫ్రికా హ్యూ మసకేలాతో చేసిన 'రిజాయిస్' పెట్టమనండి, 2010లో మొదలుపెట్టారు, మసకేలా 2018లో పోయాక టోనీ దాన్ని పూర్తి చేశాడు, 2020 మార్చిలో వచ్చింది, ఏప్రిల్ చివరికి టోనీ కూడా లేడు. మసకేలా ఫ్లూగెల్‌హార్న్ (ట్రంపెట్ లాంటి బూర), డ్రమ్స్ ఎంత ఖాళీ వదిలి మాట్లాడుకుంటాయో అందులో వినపడుతుంది.

ఇక మనదేశంలో అయితే ఇండియన్ ఓషన్ 'కందీసా', 2000లో వచ్చింది. అందులో నర్మద పాట ఉంది, బేసిస్ట్ రాహుల్ రామ్ నర్మదా ఉద్యమంలో తిరిగినవాడు, ఆ పాట ఆ ఊళ్ళ నుంచి వచ్చింది. ఆయన బేస్ మీరు వినండి, డ్రమ్స్, తబలా ఎలా పంచుకున్నాయో మీ డ్రమ్మర్‌ని వినమనండి, ఒకటి మాట్లాడుతుంటే రెండోది దారిస్తుంది.

విన్నాక కిట్ ముట్టుకోవద్దు. ముందు నోటితో తకిట చెప్తూ కాళ్ళతో నాలుగు అడుగులు వెయ్యమనండి, వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ. అది తడబడకుండా వచ్చాక ఎడమకాలు నేల మీద, కుడికాలు కిక్ మీద, అంతే. చేతులు తర్వాత.

విజీనగరం_వయొలిన్

అమ్మా, తిశ్రం గురించి సరిగ్గా చెప్పారు. బాబూ, మీ మొదటి రోజు రికార్డింగ్‌కి నేనూ వస్తాను, పాటలు ఏ స్వరాల్లో ఉన్నాయో అక్కడికక్కడే రాసిస్తాను, మీ గిటార్ అబ్బాయికి పనికొస్తుంది. ఆదివారం పెట్టుకోండి, విజయనగరం నుంచి పొద్దున్నే బస్సు ఎక్కితే తగరపువలస మీదుగా భీమిలి వచ్చేస్తాను.

మద్దిలపాలెం_బేస్

మాస్టారూ, తప్పకుండా ఆదివారమే పెడతాను. బృందం వాళ్ళకి ఏ ఆదివారం ఖాళీయో కనుక్కుని రేపు ఇక్కడే రాస్తాను. తగరపువలసలో దిగండి, అక్కణ్ణుంచి బండి మీద నేనే తీసుకెళ్తాను, ఆ ఊరికి బస్సు సరిగ్గా ఉండదు.